శిక్ష అంటే చదువా, దండనా? తరచుగా అడిగే ప్రశ్నలు

హిందీవాళ్లకు శిక్ష అంటే చదువు, మనకేమో జైలు. ఈ ఒక్క తేడా మీద పేలిన జోకులకు లెక్కలేదు, వాటితోపాటు తప్పుడు వివరణలు కూడా బాగానే తిరుగుతున్నాయి. పదేపదే ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి సూటిగా జవాబులిస్తున్నాను. వ్యాకరణం పేరు చెబితే పారిపోయేవాళ్లు రెండో ప్రశ్న దాటేసినా ఫర్వాలేదు, కాకపోతే అసలు మజా అక్కడే ఉంది.

ముందు ఇది చెప్పండి, ఏ భాషలో ఏ అర్థం?

హిందీ, బెంగాలీ, ఒడియా, అస్సామీ, నేపాలీ భాషల్లో చదువు. తెలుగు, కన్నడ, మలయాళం, మరాఠీల్లో దండన. గుజరాతీలో రెండూ నడుస్తాయి. తమిళంలో రోజువారీ మాట దండనై. ‘సిట్చై’ అనే రూపం ఉంది కానీ అది ఎక్కువగా క్రైస్తవ గ్రంథాల భాషలోనే కనిపిస్తుంది, మందలించి దారిలో పెట్టడం అన్న అర్థంలో.

దేశం దాటితే ఇంకా చిత్రంగా ఉంటుంది. థాయ్, లావో, ఖ్మేర్ భాషల్లో ఇదే మాట చదువుకోవడం. ఇండోనేషియా, మలేసియాల్లో చిత్రహింస. బర్మీస్‌లో పరువు, మర్యాద, ఆత్మగౌరవం.

‘ఉత్తరాదిలో చదువు, దక్షిణాదిలో దండన’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకు మరాఠీ అడ్డం పడుతుంది. అది హిందీకి దగ్గరి చుట్టమే, అయినా అక్కడ కోర్టు వేసేదాన్నే శిక్షా అంటారు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది? అసలు అర్థం ఏమిటి?

సంస్కృతంలో ‘శక్’ అనే ధాతువు (క్రియల మూలరూపం) ఉంది. చేతనవడం, సామర్థ్యం ఉండడం అని దాని అర్థం. శక్తి, శక్యం, అశక్తుడు అన్నీ అందులోంచి వచ్చినవే. ఇప్పుడు సంస్కృతంలో ఒక సదుపాయం ఉంది, ఏ పనికైనా ‘ఆ పని చేయాలనే కోరిక’ అనే రూపం తయారు చేసుకోవచ్చు. తాగాలనే కోరిక పిపాస, తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, గెలవాలనే కోరిక జిగీష, మోక్షం కావాలనుకునేవాడు ముముక్షువు. అదే పద్ధతిలో ‘శక్’ నుంచి వచ్చింది శిక్ష. అంటే చేతకావాలనే కోరిక! నాకు రావాలి, నేను చేయగలగాలి అన్న తపన.

మామూలుగా ఇలాంటి రూపాల్లో మొదటి అక్షరం రెండుసార్లు వినబడుతుంది (పిపాసలో పి-పా, జిజ్ఞాసలో జి-జ్ఞా చూడండి). శిక్షలో అది లేదు, అందుకే చూడగానే పోలిక తట్టదు. సంస్కృత వ్యాకరణం రాసిన పాణినికి కూడా దీనికోసం ప్రత్యేకంగా ఒక సూత్రం రాయాల్సి వచ్చింది, శక్‌తోపాటు లభ్, పత్ లాంటి మరికొన్ని ధాతువుల్ని కలిపి. లభ్ నుంచి వచ్చిన ‘లిప్స’ (పొందాలనే కోరిక) కూడా ఇలాంటిదే. భిక్ష కూడా ఈ కుటుంబంలోదేనని భాషా చరిత్రకారులు చెబుతారు, ‘భజ్’ అంటే పంచుకోవడం, అందులో నాకూ భాగం కావాలనుకోవడం భిక్ష.

ధాతువుల జాబితా అయిన ధాతుపాఠంలో ‘శిక్ష్’ను విడిగా కూడా ఇచ్చారు, విద్య సంపాదించడం అనే అర్థంతో. కాబట్టి ఎవరైనా పండితులు ‘శక్ కాదు, శిక్ష్ అనే వేరే ధాతువు’ అంటే వాదించక్కర్లేదు, సంప్రదాయంలో ఆ లెక్కా ఉంది. చరిత్ర కోణంలో చూస్తే మాత్రం రెండూ ఒకటే.

అంటే మొదట్లో నేర్పడం కాదు, నేర్చుకోవడమా?

అవును, మొదట అది విద్యార్థి వైపు మాట. ఋగ్వేదంలో దీనికి ఇవ్వడం, సాయపడడం అనే వాడుక కూడా ఉంది, ఇంద్రుణ్ణి ‘మాకు శిక్షించు’ అని అడుగుతారు! తండ్రి కొడుకులకు ఇచ్చినట్టు మాకు సామర్థ్యం ఇవ్వు, దారి చూపించు అని దాని భావం. ఇవాళ ఎవరైనా గుడికెళ్లి ‘స్వామీ, నన్ను శిక్షించు’ అంటే పక్కవాళ్లు ఏం పాపం చేశాడో అనుకుంటారు.

వేదాంగాల్లో ‘శిక్ష’ అని ఒకటుంది కదా, అందులో శిక్షలేమిటి?

అందులో జైలూ లేదు, బడీ లేదు. అది ఉచ్చారణ శాస్త్రం. వేదం చదవడానికి తోడ్పడే శాస్త్రాలైన ఆరు వేదాంగాల్లో మొదట చెప్పేది దీన్నే. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం పేరే శీక్షావల్లి (అక్కడ శీ దీర్ఘం, అచ్చుతప్పు కాదు). ఉచ్చారణలో చూసుకోవాల్సినవి ఆరింటిని అక్కడ వరసగా చెప్పారు: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం. ఏ అక్షరం, ఏ స్థాయిలో, ఎంతసేపు, ఎంత ఒత్తి, ఎంత సమంగా, పక్కదానితో ఎలా కలిపి పలకాలి అన్నమాట.

పాణినీయ శిక్ష అని ఒక చిన్న పుస్తకం ఉంది, దాన్ని తీసి చూస్తే ఆ కాలపు పంతుళ్ల విసుగు కళ్లకు కడుతుంది. పాఠం చదివేవాళ్లలో అధములు ఆరుగురట: రాగం తీసేవాడు, హడావిడిగా చదివేవాడు, తల ఊపేవాడు, రాసినదాన్ని చూసి చదివేవాడు, అర్థం తెలియకుండా చదివేవాడు, గొంతు పెగలనివాడు. ఈ లెక్కన చూసి చదివే మనమంతా నాలుగో రకం. అక్షరం ఎలా పలకాలో చెప్పడానికి అదే పుస్తకం ఆడపులిని చూపిస్తుంది. పులి తన కూనల్ని కోరలతో పట్టుకుని తీసుకెళ్తుంది, జారి పడకూడదు, పన్ను దిగకూడదు, అక్షరాన్నీ అలాగే పట్టుకోవాలి అని. ఉచ్చారణ గురించి దీనికన్నా బాగా చెప్పినవాళ్లు నాకైతే కనబడలేదు.

తప్పు పలికితే ఏమవుతుందో కూడా చెబుతారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట అనే దేవశిల్పి హోమం చేస్తూ ‘ఇంద్రశత్రుః’ అంటాడు, స్వరం ఒకచోట పడాల్సింది ఇంకోచోట పడుతుంది. దాంతో ‘ఇంద్రుణ్ణి చంపేవాడు’ కాస్తా ‘ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు’ అయిపోయాడు, పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. శిక్ష సరిగ్గా లేకపోతే శిక్ష పడుతుందని సరదాకి అనుకోవచ్చు గానీ, మాట అర్థం మారడానికి ఈ కథకూ సంబంధం లేదు.

మరి చదువు కాస్తా దండన ఎలా అయింది?

మధ్యలో ఒక మెట్టు ఉంది: దిద్దడం. నేర్చుకోవడం, నేర్పడం, తప్పు దిద్దడం, తప్పుకు దండించడం. ఒక్కో అడుగు చిన్నదే, మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెడితేనే షాక్ కొడుతుంది. సంస్కృతంలోనూ దండన అనే అర్థం లేకపోలేదు, కానీ ఒక మూలకుంది. మన భాషలు ఆ మూలనున్నదాన్ని తెచ్చి నడిమధ్యలో కూర్చోబెట్టాయి, హిందీ, బెంగాలీలు పాత అర్థం దగ్గరే ఆగాయి.

ఇదేదో మన ఒక్కరి వింత అనుకోకండి. సంస్కృతంలోనే ‘శాస్’ అనే ధాతువును చూడండి. బోధించడం, ఆజ్ఞాపించడం, దండించడం మూడూ దాని పనులే. శాస్త్రం అందులోంచే, శాసనం అందులోంచే, ‘వాడికి తగిన శాస్తి జరిగింది’ అన్నప్పటి శాస్తి కూడా అందులోంచే. శాస్త్రానికీ శాస్తికీ మధ్య తేడా ఒక్క ఒత్తు.

బయట భాషల్లోనూ ఇదే కథ. గ్రీకులో పిల్లల్ని చదివించి పెంచడాన్ని ‘పైదెయ్యా’ అనేవాళ్లు. దాని క్రియారూపమే బైబిల్ కొత్త నిబంధనలో కొట్టి దండించడానికి వాడారు, యేసును దండించి వదిలేస్తానని రోమన్ గవర్నర్ పిలాతు అన్నచోట. లాటిన్‌లో ‘డిసిప్లీనా’ మొదట శిష్యుడు నేర్చుకునే విద్య, తర్వాత క్రమశిక్షణ, ఆ తర్వాత మఠాల్లో సాధువులు తమను తాము కొట్టుకునే కొరడాకు కూడా అదే పేరు. అరబీలో ‘అదబ్’ అంటే మర్యాద, సంస్కారం, సాహిత్యం. దాన్నుంచే వచ్చిన ‘తాదీబ్’ అంటే దారిలో పెట్టడం, దండించడం. హైదరాబాద్‌లో ‘ఆదాబ్’ అని పలకరిస్తారే, అదీ ఈ ఇంటిదే.

అందుకే ‘దక్షిణాది పంతుళ్లు బెత్తంతో కొట్టేవాళ్లు కాబట్టి మన దగ్గర చదువు దండన అయింది’ అనే వివరణ నాకు నచ్చదు. బెత్తం లేని బడి ఏ భాషలో ఉంది కనక!

అయితే తెలుగులో చదువు అనే అర్థం ఎప్పుడూ లేదా?

ఎందుకు లేదు, పెద్దబాలశిక్ష మర్చిపోయారా? పిల్లల్ని కొట్టడానికి రాసిన పుస్తకం కాదుగా అది. ‘గురుశిక్ష బాగా పడింది’ అని సంగీతంవాళ్లు అంటారు, అక్కడా అర్థం తర్ఫీదే. సుశిక్షితులైన సైనికులు అంటే బాగా దెబ్బలు తిన్నవాళ్లని ఎవరూ అనుకోరు. తెలుగు బైబిల్లో సామెతల గ్రంథంలో శిక్షను ప్రేమించేవాడు జ్ఞానాన్ని ప్రేమిస్తాడని ఉంటుంది. అది దండనకూ ఉపదేశానికీ మధ్యలో ఉన్న వాడుక, అందుకే ఇప్పటి పాఠకుడికి ఆ వాక్యం దగ్గర కాస్త తికమకగా ఉంటుంది.

ఇవాళ్టి తెలుగులో పని పంచేసుకున్నారు: శిక్ష అంటే దండన, శిక్షణ అంటే తర్ఫీదు. ఒక్క ‘ణ’ మీద మనిషి జైలుకెళ్తాడో ట్రైనింగుకెళ్తాడో ఆధారపడి ఉంది. ‘ఆరు నెలల శిక్ష’ అని టైపు చేసి ణ మర్చిపోతే ఉద్యోగ ప్రకటన కాస్తా తీర్పు అవుతుంది. ఈ పంపకానికి లొంగనిది ఒకటుంది, దుష్టశిక్షణ. ‘దుష్టశిక్షణ, శిష్టరక్షణ’ అన్నప్పుడు అవతారమెత్తిన దేవుడు దుష్టులకు ట్రైనింగ్ ఇవ్వడం లేదు. పాత సమాసం కాబట్టి దండన అనే అర్థంతోనే మిగిలిపోయింది. ఇక శిక్షకుడు అంటే యోగా నేర్పేవాడు, శిక్షించేవాడు అంటే జడ్జి. ఒకే ధాతువు, ఎవరి దగ్గరికి వెళ్లాలో ప్రత్యయం చెబుతుంది.

కన్నడ, మరాఠీల్లోనూ ఇలాగే పంచుకున్నారా?

దాదాపు. కన్నడలో శిక్షె అంటే దండన, శిక్షణ అంటే ఏకంగా విద్యే, అక్కడ విద్యాశాఖ శిక్షణ ఇలాఖె. మరాఠీలోనూ శిక్షా దండన, శిక్షణ్ విద్య, శిక్షక్ పంతులు. మలయాళంలో శిక్ష దండన, శిక్షణం తర్ఫీదు, క్రమశిక్షణ. అందుకే బెంగళూరులో ‘శిక్షణ’ అనే బోర్డు చూసి ఏదో కోచింగ్ సెంటర్ అనుకుంటే అది సర్కారు ఆఫీసు అయ్యుండొచ్చు.

బెంగాలీలో శిక్ష అంటే చదువే, కానీ ‘ఉచిత్ శిక్ష’ ఇవ్వడం అంటే తగిన బుద్ధి చెప్పడం. అంటే చదువు వైపున్న భాషలోనూ దండన తొంగిచూస్తూనే ఉంది. మనం గుణపాఠం నేర్పడం, బుద్ధి చెప్పడం అంటామే, అలాగే.

చట్టాల పేర్లలో ఈ తేడా ఇబ్బంది కాలేదా?

ఇబ్బంది ఏమో గానీ తమాషా మాత్రం అయింది. 1860 నాటి నేరచట్టాన్ని హిందీలో ‘భారతీయ దండ్ సంహిత’ అన్నారు, మనం ‘భారతీయ శిక్షాస్మృతి’ అన్నాం. హిందీ చెవికి మన పేరు విద్యాశాఖ పుస్తకంలా వినబడుతుంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి దండ్ పోయింది, శిక్షా పోయింది, ఆ గొడవ తీరింది.

దీనికి తలకిందులు 2009 నాటి విద్యాహక్కు చట్టం. హిందీలో దాని పేరులో ‘నిఃశుల్క్ ఔర్ అనివార్య బాల శిక్షా కా అధికార్’ అని ఉంటుంది. తెలుగు చెవితో వింటే పిల్లలు తప్పనిసరిగా, పైసా కట్టకుండా శిక్ష పొందే హక్కు! అదే చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అంటే ‘శిక్షా’ హక్కు చట్టం శిక్షను రద్దు చేసిందన్నమాట. సర్వశిక్షా అభియాన్ బోర్డుల కింద తెలుగు పిల్లలు నవ్వుకున్నది కూడా ఇందుకే, అందరికీ శిక్ష అంటే భయమేయదూ!

2020లో కేంద్రం మానవ వనరుల శాఖ పేరు మార్చి శిక్షా మంత్రాలయ్ చేసింది. తెలుగు పత్రికలు తెలివిగా ‘విద్యాశాఖ’ అనే రాస్తాయి, అదే సరి.

ఇండోనేషియాలో చిత్రహింస దాకా ఎలా వెళ్లింది?

అక్కడికి వెళ్లినప్పుడు మాటకు మంచి అర్థమే ఉంది. 1518 నాటిదని చెప్పే ఒక పాత సుండా భాషా (పశ్చిమ జావా భాష) గ్రంథం పేరులో ‘సిక్సా’ ఉంది. అది జనం ఎలా నడుచుకోవాలో చెప్పే నీతి నియమాల పుస్తకం. నియమం, నియమం తప్పితే దండన, దండన అంటే బాధ... మనం దండన దగ్గర ఆగితే వాళ్లు ఇంకొక అడుగు వేశారు. ఇప్పుడు సిక్సా అంటే హింస, యాతన. మలేసియాలో పలుకు కాస్త వేరు, అర్థం ఇదే.

అక్కడ బాగా వినబడే మాట ‘సిక్సా నెరకా’. విడదీసి చూడండి: శిక్ష, నరకం. అక్షరాలా నరకశిక్ష, తెలుగువాడికి నిఘంటువు అక్కర్లేదు. ఇస్లాం పాటించే సమాజం పరలోక యాతన గురించి చెప్పుకోవడానికి రెండు సంస్కృతం మాటలు వాడుకుంటోంది. ఇంకా తవ్వితే జరిమానా ‘దెండా’ (దండం), జైలు ‘పెంజారా’ (పంజరం), పాపం ‘దోసా’ (దోషం), నేర చట్టం ‘హుకుం పిదానా’ (ఇందులో పిదానా మన పీడన, హుకుం అరబీ). ఇంత పోలీసు స్టేషను సరుకు మధ్యలో చదువు మాత్రం బాగానే బతికింది: విద్యార్థి ‘సిస్వా’, అంటే శిష్య. టీచరు ‘గురు’.

థాయ్, బర్మీస్‌ల సంగతి?

అక్కడికి ఈ మాట బౌద్ధంతో కలిసి వెళ్లింది. పాలీలో శిక్ష ‘సిక్ఖా’ అవుతుంది. బౌద్ధ భిక్షువులు పాటించాల్సిన నియమాలు సిక్ఖాపదాలు, సాధన మొత్తం మూడు సిక్ఖలు: శీలం, సమాధి, ప్రజ్ఞ. థాయ్‌లో సంస్కృత రూపమూ పాలీ రూపమూ రెండూ ఉన్నాయి, వేరువేరు పనులకు. సంస్కృతం నుంచి వెళ్లినది ‘సుక్సా’ లాగా పలుకుతారు, చదువుకోవడం అని అర్థం. విద్యాశాఖ పేరులో ‘శిక్షాధికార’ ఇంకా గుర్తుపట్టేలా ఉంటుంది. పాలీ రూపం మఠం వైపు ఉండిపోయింది, భిక్షువు కాషాయం విడిచి ఇంటికి వచ్చేయడాన్ని ‘లా సిక్ఖా’ అంటారు, సిక్ఖ దగ్గర సెలవు తీసుకోవడం అని. థాయ్‌లాండ్‌లో కుర్రాళ్లు కొన్నాళ్లు భిక్షువులుగా ఉండి తిరిగి రావడం మామూలు కాబట్టి ఈ మాటతో అవసరం తరచుగా పడుతుంది.

బర్మీస్‌లో నియమం పాటించేవాడికి ఉండే గౌరవమే మాటకు అర్థమై కూర్చుంది. ‘థెయిక్ఖా’ పోయింది అంటే పరువు పోయిందని.

శిష్యుడు, సిక్కు కూడా ఇందులోంచి వచ్చినవేనా?

శిష్యుడు కాదు. అది పైన చెప్పిన ‘శాస్’ నుంచి వచ్చింది, శాసించదగినవాడు, బోధించదగినవాడు అని. శిక్షతో ప్రాస కుదిరింది, అంతే.

సిక్కు విషయంలో మాత్రం తొందరపడకూడదు. అర్థం శిష్యుడే, చాలా పుస్తకాలు శిష్య నుంచే వచ్చిందని రాస్తాయి. కానీ ప్రాకృతంలో శిష్య ‘సిస్స’ అయింది, ‘క్ఖ’ శబ్దం శిక్ష వైపు నుంచి వస్తుంది. హిందీ సీఖ్‌నా, పంజాబీ సిఖ్‌ణా (నేర్చుకోవడం) అలా వచ్చినవే. ధ్వని ఒకవైపు, అర్థం ఇంకోవైపు లాగుతున్నాయి కాబట్టి రెండూ కలిసిపోయాయనుకోవడమే నయం.

యూదుల యిడ్డిష్ భాషలో ‘షిక్సా’ అని ఉందట?

ఉంది, సంబంధం లేదు. యూదు కాని అమ్మాయిని చిన్నచూపుగా అనే మాట అది, హీబ్రూలో అసహ్యమైనది అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఉత్త కాకతాళీయం.

‘శిక్ష’ అని ఆడపిల్లకు పేరు పెడతారా?

ఉత్తరాదిలో పెడతారు, మనం విద్య అని పెట్టినట్టే. తెలుగు క్లాసులో ఆ అమ్మాయి పేరు పిలిచేటప్పుడు నవ్వకండి, పాపం.

హిందీ నుంచి తెలుగులోకి రాసేటప్పుడు ఏం వాడాలి?

ఇక్కడ చాలామంది కాలు జారుతున్నారు, మెషిన్ అనువాదాలు సరేసరి. హిందీ శిక్షా కనబడితే విద్య లేదా చదువు అనండి. శిక్షక్ అంటే ఉపాధ్యాయుడు, శిక్షకుడు అని రాస్తే పీటీ సారు అనుకుంటారు. శిక్షిత్ అంటే చదువుకున్న, అశిక్షిత్ అంటే చదువురాని. ‘శిక్షిత యువత’ అని తెలుగులో రాస్తే శిక్ష పడిన కుర్రాళ్లేమో అనిపిస్తుంది. మన శిక్షణకు హిందీలో సరైన జోడీ ప్రశిక్షణ్. మన శిక్షకు సజా లేదా దండ్. పథకాల పేర్లు మాత్రం ఉన్నవున్నట్టు ఉంచక తప్పదు, ‘సమగ్ర శిక్ష’ను అనువదించబోతే ఏ పథకమో ఎవరికీ తెలియదు.

శిక్షాష్టకం, శిక్షాపత్రి లాంటి పేర్లు కనబడినా కంగారు పడొద్దు. మొదటిది చైతన్య మహాప్రభు చెప్పిన ఎనిమిది శ్లోకాల ఉపదేశం, రెండోది 1826లో స్వామినారాయణ్ రాసిన 212 శ్లోకాల నియమావళి. ఇలాంటి జారుడు మాటలు ఇంకా ఉన్నాయి. హిందీ ఉపన్యాస్ నవల, మనది ప్రసంగం. హిందీ అవసర్ అవకాశం, మనది అక్కర. బెంగాలీ చేష్టా ప్రయత్నం, మనవి పిచ్చి చేష్టలు. బెంగాలీ అభిమాన్ అయితే మనకు కావలసినవాళ్ల మీద వచ్చే అలక, దాన్ని తెలుగు అభిమానంగా చదివితే కథే తలకిందులవుతుంది.